సి సంచీ

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత
అదే అట్టపెట్టె కొరియర్‌లో వచ్చింది.
మూతమీద అదే బొమ్మ: ఇసుక చిమ్ముకుంటూ గాల్లోకి లేచిన బండి,
లోపల ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న, నడుం దాకే ఉన్న డ్రైవరు.
మూలన చిన్న చీటీ, మళ్లీ విడుదల అని.
ఆ మాట సినిమాలకే అనుకున్నాను.

మొదటిసారి దాన్ని విప్పింది సూరన్న బాబాయి,
పెరంబూరు రైల్వే క్వార్టర్స్ మేడమీద, చాప పరిచి.
హార్బర్లో క్రేను నడిపే చేతులు
బియ్యపుగింజంత మరని పట్టలేక తడబడేవి.
పట్టుకారుని నేనే.
పదకొండేళ్ల నేను అందుకే
బడిలో దెబ్బలు తిని కూడా
కుడిచేతి గోళ్లు రెండు పెంచాను.

ఎ సంచీలో చక్రాలు.
బి సంచీలో ఇరుసులు, స్ప్రింగులు.
డి సంచీలో ఆ సగం డ్రైవరు.
సి లేదు.
పెట్టె దులిపాం, చాప దులిపాం,
పిన్ని మెట్లన్నీ ఊడ్చి చేటలో వెతికింది.
జపాను కాగితంలో పదకొండో బొమ్మ దగ్గర
మూడు పళ్లచక్రాలు
పళ్లన్నీ బయటపెట్టి కూర్చున్నాయి.

శనివారం లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్లో దిగితే
ఎదురుగా బర్మా బజారు.
అప్పలస్వామి కొట్టు.
రంగూన్లో పుట్టి, శ్రీకాకుళంలా తిట్టి,
అరవంలో బేరమాడే మనిషి.
టేపురికార్డర్ల వెనకనుంచి తల ఎత్తి
"వచ్చే ఓడకి ఒచ్చెస్తాది పాపా" అన్నాడు.
ఓడలు వచ్చాయి.
సెంటు సీసాలొచ్చాయి, మడతగొడుగులొచ్చాయి,
నొక్కితే నవ్వే కుక్కపిల్ల కూడా వచ్చింది.
"వచ్చే ఓడకి పాపా."

ఈలోగా బాబాయి బండికి పురికొస కట్టాడు.
నేను లాగేదాన్ని,
ఆయన లుంగీ ఎగ్గట్టి వెనకాలే వంగి పరుగెత్తుతూ
నోటితో మోటారు.
మలుపు దగ్గర గేరు మార్చేవాడు,
మా దగ్గర లేని ఆ గేరే.
నీళ్లట్యాంకు చుట్టూ తొమ్మిది రౌండ్లు,
పదో రౌండుకి దగ్గు.

ఆ బండి ఏమైందని అడగొద్దు.
మూడిళ్లు మారితే ఏమవుతాయో అదే అయింది.
బాబాయి సంగతీ అంతే.

ఇప్పుడు విల్లివాక్కంలో, అన్నం తినే బల్లమీద,
దగ్గరచూపు కళ్లద్దాలతో నేను.
"బొమ్మకి ఇంతా?" అన్నాడు మా ఆయన.
నిజానికి సగం ధరే చెప్పాను.
ఎ, బి, ఆ తర్వాత
సి.
చింపకుండా రెండు రోజులు ఫ్రిజ్ మీద పెట్టాను.
మూడో రోజు చింపాను.
పదకొండో బొమ్మ పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

కింద పార్కింగులో వదిలాను.
పరుగెత్తింది. బాగా పరుగెత్తింది.
కార్ల కిందనుంచి దూరి, స్తంభం చుట్టి,
వాచ్‌మన్ ఏళుమలై కుర్చీకి కొట్టుకుని, లేచి, మళ్లీ.
"సూపర్ మేడమ్" అన్నాడాయన, కాళ్లు పైకెత్తుకుని.
చప్పుడు మాత్రం సన్నం, తేనెటీగలాగ.
మా మోటారు బొంగురు.
బ్యాటరీ అయిపోయేదాకా నడిపి
చేతిలో రిమోటుతో కాసేపు అక్కడే నిలబడ్డాను.

శనివారం
ఏం పనీ లేదు. లోకల్ ఎక్కాను.
బీచ్ స్టేషన్ ఎదురుగా ఆ వరసలో
ఎన్నో కొట్టో లెక్క తప్పింది.
ఇదే కావచ్చు అనుకున్నచోట నిలువెల్లా ఫోను కవర్లు,
వాటి మధ్య మీసం మొలుస్తున్న కుర్రాడు.
"ఏం కావాలక్కా?"
నోరు జారింది: సి సంచీ.
ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు వాడు,
వెనక్కైనా తిరిగి చూడలేదు.
"స్టాకు అయిపోయిందక్కా,
వచ్చే వారం వస్తుంది."

సరే, వస్తానన్నాను.